‘కోయీ షక్?’ – ఉస్తాదుకూ స్క్వాడుకూ మధ్య మాట

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, సెలవు పెట్టుకుని మరీ వచ్చిన సర్వీసు తమ్ముళ్ళకు, నాలాగే పెన్షను పుచ్చుకుంటున్న సోదరులకు, మనల్నీ మన బదిలీలనీ ఇన్నేళ్ళు భరించిన అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

కార్యదర్శిగారు ఫోను చేసి, “మీరు పీటీ ఉస్తాదు కదండీ, ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడండి” అన్నారు. ఆరోగ్యం గురించి చెప్పడానికి మనలో డాక్టర్లు ఉన్నారు. నాకు తెలిసింది మైదానం. అందుకని మైదానంలో నేర్పేవాడికీ నేర్చుకునేవాడికీ మధ్య నడిచే మాట గురించి చెబుతానన్నాను. ఈ హాల్లో ఉన్న దాదాపు అందరికీ అది పనికొస్తుంది. సర్వీసులో ఉన్నవాళ్ళు పొద్దున్నే స్క్వాడులోనో, స్క్వాడు ముందో నిలబడుతున్నారు. రిటైరైనవాళ్ళలో కొందరు సొంత ఊళ్ళలో కుర్రాళ్ళకు ఆర్మీ, పోలీసు సెలక్షన్లకు కోచింగ్ ఇస్తున్నారు. మిగిలినవాళ్ళం పార్కులో యోగా క్లాసుకో, డాక్టరు భయపెట్టాక జిమ్ముకో వెళుతున్నాం. ఒకప్పుడు చెప్పినవాళ్ళమే ఇప్పుడు వింటున్నాం.

మన ఫౌజు పాఠం దేనికైనా చివర ఒక ప్రశ్న ఉంటుంది. “కోయీ షక్?” ఎవరికైనా సందేహం ఉందా అని. జవాబు కూడా మనకు ముందే కంఠస్థం. “నహీఁ ఉస్తాద్!” ముప్పై గొంతులు ఒక్కసారే అంటాయి. ఆ ముప్పైమందిలో పదిమందికి పాఠం సగమే ఎక్కిందని స్క్వాడుకు తెలుసు, ఉస్తాదుకూ తెలుసు. అయినా క్లాసు ముగుస్తుంది.

నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. పైనుంచి కిందికి ఆజ్ఞ దిగడంలో మనల్ని మించినవాళ్ళు లేరు. కిందనుంచి పైకి నిజం ఎక్కడంలో మాత్రం వెనకబడి ఉన్నాం. ఆ నిజం పైకి రాకపోతే ఎముకలు విరుగుతాయి, కెరీర్లు ఆగిపోతాయి, ఒక్కోసారి ప్రాణాలే పోతాయి.

ముందు పైనుంచి దిగే మాట సంగతి చూద్దాం. ఇందులో మన పెద్దలు చాలా తెలివిగా ఏర్పాటు చేశారు. “తేజ్... చల్” అంటాం. “పీఛే... ముడ్” అంటాం. మొదటి మాట హెచ్చరిక, రెండోది పని. మధ్యలో చిన్న విరామం. ఆ విరామంలోనే బుర్ర కాళ్ళకు కబురు పంపుతుంది. రెండూ కలిపేసి గబుక్కున అరిస్తే సగం స్క్వాడు ముందు తిరుగుతుంది, సగం తర్వాత తిరుగుతుంది. ఈరోజు పట్నాల్లో పాట పెట్టి ఏరోబిక్స్ నేర్పే పిల్లలు కూడా ఇదే పని చేస్తారు. అడుగు మార్చబోయే ముందు “నాలుగు, మూడు, రెండు” అని లెక్క తగ్గిస్తూ చెబుతారు. హెచ్చరిక లేకుండా అడుగు మారిస్తే క్లాసులో కాళ్ళు కాళ్ళు తగులుకుంటాయి.

నిలబడే చోటు కూడా మాటలో భాగమే. ఎండ స్క్వాడు కళ్ళలో పడకూడదు, అవసరమైతే ఉస్తాదే ఎండకు ఎదురు నిలబడాలి. గాలి ఉస్తాదు వీపు వైపు నుంచి స్క్వాడు వైపు వీస్తే గొంతు చించుకోనక్కర్లేదు. ముఖం చిట్లించుకుని నిలబడ్డవాడికి నమూనా కనిపించదు. గాలి ఎత్తుకుపోయిన మాట చివరి వరుసకు చేరదు.

ఇక భాష. మన తెలుగు కుర్రాడు హైదరాబాదు ఆర్టిలరీ సెంటర్లో పడితే ఎవరో ఒక తెలుగువాడు దొరుకుతాడు. ఉత్తరాదిన పడితే మొదటి నెలంతా చూపులతోనే బతకాలి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక రిక్రూటు నాకు బాగా గుర్తు. ఉస్తాదు “ఎడీ ఉఠావ్! ఎడీ!” అని అరుస్తుంటే, వీడు అటూ ఇటూ వెతుకుతున్నాడు. హిందీలో ఎడీ అంటే మడమ. మనకు ఏడీ అంటే ఎక్కడున్నాడని. ఉస్తాదు ఎవరి కోసమో వెతుకుతున్నాడని మనవాడు కూడా సాయం పట్టాడన్నమాట! స్క్వాడంతా నవ్వింది. వాడు మాత్రం ఆ తర్వాత వారం రోజులు నోరు విప్పలేదు. నవ్వు చిన్నదే. నోరు మూతపడటమే పెద్ద నష్టం.

దీనికి మందు కూడా మన పద్ధతిలోనే ఉంది. బయాన్‌తో నమూనా, బయాన్ లేకుండా నమూనా, ఆ తర్వాత అభ్యాసం. మాట లేకుండా చేసి చూపే ఆ నమూనాను తొందరలో ఎగరగొట్టేస్తుంటారు. భాష రానివాడికి అదే ప్రాణాధారం. ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కకు తిరిగి, మెల్లగా చూపిస్తే వాడి కళ్ళే అనువాదం చేసుకుంటాయి.

తప్పు దిద్దేటప్పుడు ఒక్కసారికి ఒక్క మాటే చెప్పాలి. తాడు ఎక్కుతున్నవాడికి “చేతులు చాపు, నడుము లాగు, కాళ్ళు ముడువు, కిందికి చూడకు” అని నాలుగు చెబితే నాలుగూ పోతాయి. “తాడును పాదాలతో నొక్కిపట్టు” అంటే చాలు, మిగతావి చాలావరకు దారిలో పడతాయి. ఒంటి సంగతి చెప్పడం కన్నా బయటి వస్తువును చూపించి చెబితే నేర్చుకోవడం తేలికవుతుందని గాబ్రియేల్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1990ల చివరి నుంచి ప్రయోగాలతో చూపించారు. మన మైదానం భాషలో చెప్పాలంటే, తొమ్మిది అడుగుల గొయ్యి దూకేవాడికి “మోకాళ్ళు పైకి లాగు” అనేకంటే “అవతల ఆ గడ్డిదుబ్బు మీద దిగు” అనడం మేలు. వాడి చూపు గడ్డి మీద ఉంటుంది, మోకాళ్ళ సంగతి అవే చూసుకుంటాయి.

ఇప్పుడు అసలు కష్టమైన వైపుకు వద్దాం. కిందనుంచి పైకి వచ్చే మాట.

మన తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. తీపు, సలుపు, పోటు, మంట, తిమ్మిరి, పట్టేయడం, బెణకడం, కలుక్కుమనడం. తెలంగాణ పిల్లవాడు కాళ్ళు గుంజుతున్నాయంటాడు, కోస్తా పిల్లవాడు పీకుతున్నాయంటాడు. ప్రతి మాటకూ వేరే అర్థం ఉంది. కొత్త వ్యాయామం చేసిన మర్నాడు రెండు కాళ్ళూ తీపులు పెడితే అది కండరం సంగతి. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, కాస్త కదిలితే ఇంకా తేలిక. అదే ముంగాలి ఎముక మీద ఒక్కచోట, వేలు పెట్టి చూపించేంత చోట పోటు వస్తూ, పరిగెత్తేకొద్దీ ఎక్కువవుతూ ఉంటే అది ఎముక సంగతి కావచ్చు. పగులు మొదలైందేమో చూడాలి. గజ్జల్లో లోతుగా నొప్పి వచ్చి కాలు మోపలేకపోతే ఇంకా జాగ్రత్త పడాలి. తొడ ఎముక మెడ దగ్గర పగులు వస్తే, దాన్ని పట్టించుకోకుండా పరిగెత్తిస్తే, అది పూర్తిగా విరిగి మనిషి జీవితాంతం కుంటవచ్చు. తిమ్మిరి ఉందంటే నరం ఎక్కడో నలుగుతోందేమో చూడాలి.

ఇన్ని మాటలున్న పిల్లవాడు హిందీ స్క్వాడులోకి రాగానే అన్నిటినీ ఒక్క మాటలో కుక్కేస్తాడు. “దర్ద్ హై ఉస్తాద్.” వినేవాడికి తీపో పోటో ఎలా తెలుస్తుంది? రోజుకు పదిమంది దర్ద్ అంటారు. పదిమందికీ “చలో, ఠీక్ హో జాయేగా” అనే జవాబే వెళుతుంది. ఎనిమిదిమంది విషయంలో ఆ జవాబు సరైనదే. ఆ మిగిలిన ఇద్దరి సంగతే మన బాధ.

నాతో పనిచేసిన ఒక హర్యానా ఉస్తాదు ఉండేవాడు. గొంతు విప్పితే పక్క కంపెనీ కూడా సావధాన్ అయ్యేది. ఆయన ఒకరోజు రోల్ బుక్కు వెనక పేజీ తీసి, “మీ వాళ్ళు నొప్పిని ఏమేమని అంటారో చెప్పు” అన్నాడు. నేను చెబుతుంటే దేవనాగరిలో రాసుకున్నాడు. పది మాటలు. ఆ తర్వాత తెలుగు కుర్రాడు ఎవడైనా కుంటితే, పక్కకు పిలిచి “తీపా? పోటా?” అని అడిగేవాడు. హర్యానా యాసలో ఆ తెలుగు వినడానికి తమాషాగా ఉండేది. కానీ పిల్లలు నిజం చెప్పేవాళ్ళు. అలా ఒకడు “పోటు ఉస్తాద్” అని ముంగాలి మీద వేలు పెట్టి చూపిస్తే, ఆ రోజే సిక్ రిపోర్టులో ఎం.ఐ. రూముకు పంపాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇలాంటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అందుకని డాక్టరుగారు ఎక్స్‌రే కన్నా కుర్రాడి మాటకు ఎక్కువ విలువ ఇచ్చి పరుగు ఆపించారు. మళ్ళీ తీసిన ఎక్స్‌రేలో గీత కనిపించింది. అప్పటికే విశ్రాంతిలో ఉన్నాడు కాబట్టి ఎముక అతుక్కుంది. ఆ కుర్రాడు ట్రైనింగు పూర్తి చేసుకుని కసమ్ పరేడ్‌లో నడిచాడు. పది తెలుగు మాటలు చేసిన పని అది.

పిల్లలు నొప్పి ఎందుకు దాస్తారు? భాష ఒక్కటే కారణం కాదు. రెలిగేషన్ భయం ఉంది. బ్యాచి ముందుకు వెళ్ళిపోతుంది, తాను వెనకబడిపోతాడు. ఊళ్ళో ఏమనుకుంటారో అన్న బెంగ ఒకటి. 2022లో వచ్చిన అగ్నిపథ్‌తో ఈ ఒత్తిడి ఇంకా పెరిగింది. ట్రైనింగుతో కలిపి నాలుగేళ్ళ సర్వీసు, ఆ తర్వాత 25 శాతం దాకా మందినే రెగ్యులర్‌గా తీసుకుంటామని పథకం ప్రకటించినప్పుడే చెప్పారు. అలాంటప్పుడు ఒక వారం సిక్ రిపోర్టు కూడా కుర్రాడికి కొండలా కనిపిస్తుంది. అందుకని “నొప్పి ఉంటే చెప్పండి” అంటే చాలదు. చెప్పినవాడిని స్క్వాడు ముందు “బహానేబాజ్” అని ఒక్కసారి వెక్కిరిస్తే, ఆ రోజు నుంచి ఆ స్క్వాడులో ఎవడూ చెప్పడు. చెప్పిన మొదటివాడికి ఏం జరిగిందో ముప్పైమందీ చూస్తారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు పెద్దలు.

ఇంకొకటి. తప్పు చేసినవాడికి ఫ్రంట్ రోలు, రగడా ఇవ్వడం మనకు అలవాటు. క్రమశిక్షణకు దాని చోటు దానికి ఉందేమో, ఆ వాదనలోకి వెళ్ళను. కానీ వ్యాయామాన్నే శిక్షగా వాడితే, కుర్రాడి మనసులో వ్యాయామానికి శిక్ష అనే పేరు పడుతుంది. సర్వీసు వదలగానే బూట్లతో పాటు పరుగునూ అటక మీద పెట్టేస్తాడు. రిటైరైన అయిదేళ్ళకు మన పొట్టలు చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. (నవ్వులు)

ఇప్పుడు వడదెబ్బ గురించి. ఇది ప్రాణం సంగతి కాబట్టి కాస్త శ్రద్ధగా వినండి.

ఎండలో అయిదు కిలోమీటర్ల పరుగు నడుస్తోంది అనుకోండి. ఒకడు తూలుతున్నాడు. “కైసే హో?” అని అడిగితే “ఠీక్ హూఁ ఉస్తాద్” అంటాడు. ఆ జవాబును నమ్మకండి. అది అలవాటు కొద్దీ వచ్చే జవాబు. ఒళ్ళు 40 డిగ్రీలు దాటి బుర్ర తిరుగుతున్నవాడి నోట కూడా అది వచ్చేస్తుంది. అవును, కాదు అని తప్పించుకోలేని ప్రశ్న అడగండి. “నిన్న రాత్రి లంగర్లో ఏం కూర పెట్టారు? నీ పక్క మంచం ఎవరిది?” తడబడినా, పొంతన లేకుండా చెప్పినా, కారణం లేకుండా కోప్పడినా వడదెబ్బ అనే అనుకోండి. పరుగు ఆపండి. బరువు, బూట్లు, చొక్కా తీసేయండి. నీడలో పెట్టి ఒళ్ళంతా చన్నీళ్ళు పోయండి. తొట్టి ఉంటే మెడ దాకా చన్నీళ్ళలో ఉంచండి, తల మునగకుండా ఒకరు పట్టుకోవాలి. తొట్టి లేకపోతే తడిగుడ్డలు కప్పి విసరండి, ఐసు ఉంటే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. డాక్టరుకు కబురు పంపండి, కానీ అంబులెన్సు కోసం చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ముందు చల్లబరచాలి, తర్వాత తరలించాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయవద్దు.

2024 ఆగస్టులో జార్ఖండ్‌లో ఎక్సైజు కానిస్టేబుళ్ళ ఎంపికకు పెట్టిన 10 కిలోమీటర్ల పరుగు పరీక్షల్లో పదిమందికి పైగా యువకులు చనిపోయారు. కారణాల మీద చాలా వాదాలు నడిచాయి, వాటి జోలికి నేను పోను. కోచింగ్ నడుపుతున్న మన అన్నదమ్ములకు మాత్రం ఒక్క మనవి. మీ దగ్గరికి వచ్చే పిల్లవాడు అప్పు చేసి, ఒక్కొక్కడు అయిదారుసార్లు ప్రయత్నించి వస్తాడు. ఆఖరి అవకాశం అనుకున్నవాడు తనంతట తాను ఆగడు. జ్వరం వచ్చి లేచాడా, రాత్రి నిద్రపోయాడా, పొద్దున ఏం తిన్నాడు, ఎవరైనా ఏదైనా మాత్ర వేసుకోమని ఇచ్చారా, ఇంట్లో చిన్నవయసులో గుండె ఆగి పోయినవాళ్ళు ఉన్నారా, ఇవన్నీ మీరే అడగాలి. గుంపులో అడగకండి, ఒక్కొక్కడినీ పక్కకు తీసుకెళ్ళి అడగండి. “కోయీ షక్?” అంటే నహీఁ అనే అంటాడు.

మనలో రిటైరైనవాళ్ళ సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. ట్రైనరు దగ్గర నిజం దాచడంలో మనం రిక్రూట్లను మించిపోయాం. స్టెంటు వేయించుకున్న సుబేదార్ సాబ్ పాతికేళ్ళ జిమ్ము కుర్రాడికి ఆ మాట చెప్పడు. “నేను సియాచిన్ చూశాను, వీడికి చెప్పేదేంటి?” అనుకుంటాడు. ఆ కుర్రాడు గోడ మీది చార్టు చూసి, 220లోంచి వయసు తీసేసి, గుండె ఇంత వేగం దాకా కొట్టుకోవాలి అంటాడు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు నాడి ఎంత పరిగెత్తినా అంత పెరగదు. చార్టు చూసి ఇంకా పరిగెత్తు, ఇంకా పరిగెత్తు అంటే ప్రమాదమే. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు మధ్యలో చక్కెర పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్ళు తిరగడం, ఇవన్నీ చూసేవాడికి మామూలు అలసటలాగే ఉంటాయి. ఈ సంగతులు ట్రైనరుకు ముందే తెలియాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, చెప్పందే ట్రైనరుకు మాత్రం ఏం తెలుస్తుంది? కాబట్టి ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో ఒకసారి చూపించుకుని, వాడే మాత్రల చీటీ ట్రైనరు చేతిలో పెట్టండి. రోజూ ఎంత శ్రమ పడాలో తెలుసుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. నడుస్తున్నప్పుడు పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట పాడటం మాత్రం కష్టం కావాలి. మాట కూడా రాకపోతే వేగం తగ్గించండి. గుండెలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి వస్తే ఆ క్షణమే ఆగి చెప్పండి. గ్యాసు అనుకుని సరిపెట్టుకోవద్దు.

గన్నరు సోదరులకు ప్రత్యేకంగా ఒకమాట. ఏళ్ళ తరబడి తోపుల మోత విన్న చెవులు ముందుగా సన్నని శబ్దాలను పోగొట్టుకుంటాయి. స, త, క లాంటి అక్షరాలు జారిపోతాయి. ట్రైనరు “సాగండి” అంటే “ఆగండి” అని వినబడుతుంది! పైగా స్పీకర్లో పాట. వెనక వరుసలో నిలబడి పక్కవాడిని చూసి చేయడం మొదలుపెడతాం. ముందు వరుసలో, ట్రైనరు మూతి కనిపించేలా నిలబడండి. పాట తగ్గించమని అడగండి. అందులో చిన్నతనం ఏమీ లేదు, అది సర్వీసు ఇచ్చిన మెడలు లాంటిదే.

ట్రైనరు పిల్లలకూ ఒక మాట. ఇంత వయసువాళ్ళను నువ్వు అనకండి, గారు చేర్చి పిలవండి. అంకుల్ అంటే కొందరికి ఇష్టం, కొందరికి మంట. ఏమని పిలవాలో మొదటిరోజే అడిగేస్తే గొడవ ఉండదు. భంగిమ సరిచేయడానికి ఒంటి మీద చేయి వేసేముందు “సరిచేయమంటారా?” అని అడగండి. ఇది స్క్వాడుల్లోనూ అవసరమే. 2022లో ఎన్డీఏలో అమ్మాయిలు చేరారు, 2025 మే నెలలో మొదటి బ్యాచిలో 17 మంది పట్టా పుచ్చుకున్నారు. సైనిక పోలీసులో, నౌకాదళంలో మన పిల్లలు ఉన్నారు. అడిగి దిద్దడం అమ్మాయిల కోసమే పెట్టుకున్న మర్యాద అనుకోకండి, మగపిల్లలకూ అదే మర్యాద దక్కాలి.

చివరిగా ఒక ప్రతిపాదన. మన సంఘం ఏటా ట్రైనింగుకు వెళ్ళే పిల్లలకు వీడ్కోలు చెబుతోంది, శాలువా కప్పుతోంది. శాలువాతో పాటు ఒక చిన్న కార్డు ఇద్దాం. ఒకవైపు తెలుగు మాట, ఎదురుగా హిందీ మాట. తీపుకు అకడన్, పోటుకు చుభన్, సలుపుకు టీస్, మంటకు జలన్, తిమ్మిరికి సున్న్, బెణుకుకు మోచ్, పట్టేయడానికి ఐంఠన్, మడమకు ఎడీ. పదిహేను మాటలు చాలు. రెండోవైపు ఉస్తాదు కోసం మూడు ప్రశ్నలు: ఎక్కడ, వేలు పెట్టి చూపించు. ఎప్పటినుంచి? పరిగెత్తితే తగ్గుతోందా, పెరుగుతోందా? అచ్చుకు పెద్ద ఖర్చేమీ కాదు, మొదటి అయిదువందల కార్డుల ఖర్చు నేను పెట్టుకుంటాను. (చప్పట్లు) కోచింగ్ సెంటర్లు నడిపేవాళ్ళు ఈ మాటలు పరుగుతో పాటే నేర్పించాలని కోరుతున్నాను.

సర్వీసులో ఉన్న ఉస్తాదులు రేపటి నుంచి “కోయీ షక్?” అనడం మానక్కర్లేదు. దాని తర్వాత ఒక్క నిమిషం ఆగండి. ఒకడిని పిలిచి “నేను ఏం చెప్పానో నువ్వు చేసి చూపించు” అనండి. ఇంకొకడిని పక్కకు పిలిచి “నిన్నటి కాలు ఎలా ఉంది?” అని పేరు పెట్టి అడగండి. అంతే.

అధ్యక్షులవారు ప్రశ్నలకు పది నిమిషాలు ఇచ్చారు. మీరు “నహీఁ ఉస్తాద్” అంటే మాత్రం నేను వేదిక దిగను.

జై హింద్.